చీరాల మున్సిపల్ కౌన్సిల్ మీటింగ్: మా వీధివాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

చీరాలలోనే పుట్టి పెరిగినా, నలభై దాటేదాకా నేను కౌన్సిల్ హాల్ గడప తొక్కలేదు. పన్ను కట్టడానికో, బర్త్ సర్టిఫికెట్‌కో మున్సిపల్ ఆఫీసుకి వెళ్లడం, పని చూసుకుని వచ్చేయడం, అంతే. ఒకసారి వెళ్లి వెనక కుర్చీలో కూర్చున్నాక మానలేకపోయాను. మా ఇంటి ముందు డ్రైను లోతెంత, చెత్త బండి ఎన్ని గంటలకు రావాలి, కూరగాయల మార్కెట్‌లో గంపకి ఎంత ఆశీలు (అమ్ముకునేవాళ్లు కట్టే రుసుము) కట్టాలి అన్నవన్నీ తేలేది ఆ గదిలోనే. వెళ్లొచ్చిన ప్రతిసారీ ఇరుగుపొరుగు అవే ప్రశ్నలు అడుగుతున్నారు కాబట్టి, తెలిసినవన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను.

కౌన్సిల్ అంటే ఎవరెవరు?

చీరాలలో 33 వార్డులు. వార్డుకొక కౌన్సిలర్ని మనం ఓటేసి ఎన్నుకుంటాం. వాళ్లలోంచి ఒకరు ఛైర్‌పర్సన్. 2021 నుంచి ఆంధ్రప్రదేశ్ మున్సిపాలిటీల్లో ఇద్దరు వైస్ ఛైర్‌పర్సన్లు ఉంటున్నారు. ఎమ్మెల్యే, ఎంపీ లాంటివాళ్లు ఎక్స్ అఫీషియో సభ్యులు, అంటే పదవి రీత్యా సభ్యులైనవాళ్లు. వీళ్లు కాక కో-ఆప్షన్ సభ్యులు, అంటే జనం ఓటుతో కాకుండా కౌన్సిలే ఎంచుకుని చేర్చుకునేవాళ్లు ఉంటారు. మున్సిపల్ పాలనలో అనుభవం ఉందని అలా తీసుకున్నవాళ్లు మాట్లాడొచ్చు గానీ, ఓటు వేయడానికి లేదు.

మన రాష్ట్రంలో సగం సీట్లు ఆడవాళ్లవే. ఇది పెద్ద మాట. అయితే చాలా ఊళ్లలో భార్య కౌన్సిలరైతే పనులన్నీ భర్త చక్కబెట్టడం చూస్తుంటాం. ఎవరి మాటకైనా విలువ వచ్చేది మీటింగ్‌లో లేచి మాట్లాడినప్పుడే. అందుకే మీ వార్డుకి మహిళా కౌన్సిలర్ ఉంటే, అర్జీ నేరుగా ఆమె చేతికే ఇవ్వండి, సమస్య ఆమెకే చెప్పండి. వీధి కుళాయి దగ్గర బిందె పట్టుకుని నిలబడిన మనిషికి నీళ్ల సంగతి ఇంకొకరు వివరించక్కర్లేదు.

మీటింగ్ ఎప్పుడు పెడతారు? మాకెలా తెలుస్తుంది?

నెలకొక సాధారణ సమావేశం పెట్టాలి. మీటింగ్‌కి మూడు పూర్తి రోజుల ముందే సభ్యులకు నోటీసు, ఎజెండా అందాలి. నోటీసు ఇచ్చిన రోజు, మీటింగ్ రోజు ఈ లెక్కలోకి రావు. అత్యవసరమైతే తక్కువ వ్యవధిలో కూడా పిలవచ్చు.

తేదీ తెలుసుకోవాలంటే అన్నిటికన్నా సులువు మీ కౌన్సిలర్ని అడగడం. ఆఫీసు నోటీసు బోర్డు కూడా చూడండి. జిల్లా ఎడిషన్ పేపర్లో లోపలి పేజీల్లో రెండు లైన్ల వార్త పడుతుంది, చాలామంది దాన్ని దాటేస్తారు.

మామూలు జనం లోపలికి వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు. కౌన్సిల్ సమావేశం బహిరంగంగా జరగాలన్నదే రూలు. ఏదైనా విషయంలో బయటివాళ్లు ఉండకూడదని ఛైర్‌పర్సన్ అనుకుంటే, కారణం రాసిపెట్టి మరీ పంపించాలి. మనకి మాట్లాడే హక్కు మాత్రం లేదు. ప్రశ్న అడగాలంటే అది కౌన్సిలర్ నోటి నుంచే రావాలి. ఫోన్లో వీడియో తీయాలనుకుంటే ముందు అడిగి తీయండి, లేకపోతే గొడవవుతుంది.

ఎజెండా చూస్తే ఏమీ అర్థం కావట్లేదు. ఎలా చదవాలి?

నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే, కాబట్టి వివరంగా చెప్తాను.

ఎజెండా అంటే పిన్ను కొట్టిన కాగితాల కట్ట. ఒక్కో అంశానికి ఒక నంబరు ఉంటుంది, పైన “విషయం”, కింద “ఆఫీసు నోటు”. భాష పాతకాలపు ఆఫీసు భాష. ఉదాహరణకు ఇలా ఉంటుంది: “ఫలానా వార్డులో ఫలానా వారి ఇంటి వద్ద నుండి ఫలానా వారి ఇంటి వరకు సీసీ డ్రైను నిర్మాణమునకు రూ. 4.80 లక్షలతో తయారు చేసిన అంచనాను కౌన్సిల్ వారి ఆమోదము కొరకు.” మొదట చూడాల్సింది ఆ రెండు ఇళ్ల పేర్లు. డ్రైను ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చెప్పేవి అవే. కాలువ కలిసే చోటికి పది గజాల ఇవతలే ఆగిపోతే ఆ నీళ్లన్నీ ఆఖరి ఇంటివాళ్ల వాకిట్లోకే వస్తాయి.

రెండోది, డబ్బు ఏ పద్దు నుంచి. “సాధారణ నిధులు” అంటే మన పన్నులు, అద్దెలు, ఆశీళ్ల డబ్బు. “15వ ఆర్థిక సంఘం నిధులు” అంటే ఢిల్లీ నుంచి వచ్చేవి. 2021 నుంచి 2026 వరకు మన లాంటి పట్టణాలకు ఇచ్చిన ఆ నిధుల్లో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే ఖర్చు పెట్టాలి, వేరే పనికి మళ్లించకూడదు. రోడ్డు వేయమని మనం అడిగితే “నిధులు లేవు” అంటూనే పైపులైను పని పెట్టడం వెనక కారణం ఒక్కోసారి ఇదే.

మూడోది, చివరి మాట. “ఆమోదము కొరకు” అంటే పని ఇంకా మొదలవలేదు, అభ్యంతరం చెప్పడానికి సమయం ఉంది. “ధృవీకరణ కొరకు” అంటే ఛైర్‌పర్సన్ ముందస్తు అనుమతితో పని ఇప్పటికే చేసేశారు, ఇప్పుడు కౌన్సిల్ ముద్ర వేయాలి. తుపాను రోజుల్లో ఇలా చేయక తప్పదు. 2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి రోజున నీళ్లు తోడే మోటార్లకు, జేసీబీలకు, జనరేటర్ డీజిల్‌కు కౌన్సిల్ కూర్చునేదాకా ఆగలేరు కదా. కానీ ఏ తుపానూ లేని నెలల్లో కూడా సగం ఎజెండా “ధృవీకరణ కొరకు” అని ఉంటే, మీ కౌన్సిలర్ని ఎందుకని అడగండి.

టెండర్ అంశాల్లో “లెస్” అని రాస్తారు, అదేంటి?

ఇంజనీర్లు వేసిన అంచనా కన్నా కాంట్రాక్టర్ ఎంత తక్కువకు చేస్తానన్నాడో చెప్పే లెక్క. “12 శాతం లెస్” అంటే వంద రూపాయల పనిని ఎనభై ఎనిమిదికి చేస్తానని. కాగితం మీద మున్సిపాలిటీకి లాభమే. కానీ లెస్ మరీ ఎక్కువైతే సిమెంటు ఎక్కడ తగ్గుతుందా అని నాకు భయం. అలాంటి పని మీ వీధిలో జరుగుతుంటే కాంక్రీటు పోసే రోజు ఇంట్లో ఒకరుండి చూడండి. క్యూరింగ్‌కి, అంటే పోసిన కాంక్రీటు గట్టిపడటానికి నీళ్లు కొడుతున్నారా లేదా అన్నది ఎవరైనా గమనించొచ్చు.

మామూలు మీటింగ్‌లో అసలు ఏమేం వస్తాయి?

ముందు సంతాప తీర్మానాలు, తర్వాత పోయిన నెల మినిట్స్ (మీటింగ్‌లో జరిగినదాని రికార్డు), ఆ తర్వాత అంశాలు. పెద్ద విషయాలు ఏడాదికి రెండో మూడో. మిగతావన్నీ చిన్నవే. బ్లీచింగ్ పౌడరు, పటిక, క్లోరిన్ కొనడం. వీధి దీపాల సామాను. చెత్త ట్రాక్టర్ల రిపేర్లు. మున్సిపల్ షాపుల లీజు రెన్యువల్. మార్కెట్ ఆశీళ్ల వేలం. కాంట్రాక్టు కార్మికుల కొనసాగింపు.

పారిశుద్ధ్య కార్మికులకు సబ్బులు, కొబ్బరి నూనె, చెప్పులు, యూనిఫాం కొనే అంశం ఒకటి వస్తుంది. మొత్తం చూస్తే చిన్నది, చదవడానికి అర నిమిషం కూడా పట్టదు. నేను దాన్ని మాత్రం ఎప్పుడూ వదలను. తెల్లవారుజామున నాలుగున్నరకు మా సందు ఊడ్చే ఆవిడ చేతికి గ్లవుజులు ఉన్నాయా లేదా అన్నది ఈ అంశాన్ని బట్టే. డ్రైను పూడిక తీసేటప్పుడు గాజుముక్క గుచ్చుకుని అరచేతికి గుడ్డ కట్టుకుని మళ్లీ పార అందుకోవడం నేను కళ్లారా చూశాను. ఈ అంశం వాయిదా పడిన రోజు హాల్లో ఎవరూ పట్టించుకోకపోతే మనసు చివుక్కుమంటుంది.

ఆశీలు, హెచ్చు పాట అంటే?

మార్కెట్‌లో, రోడ్డు పక్కన అమ్ముకునేవాళ్ల దగ్గర వసూలు చేసే రుసుము ఆశీలు. ఆ వసూలు హక్కును ఏడాదికోసారి వేలం వేస్తారు. ఎక్కువ పాడినవాడు హెచ్చు పాటదారు, అతని పాటను కౌన్సిల్ ఆమోదించాలి. అసలు చూడాల్సింది పాట ఎంతకు పోయిందన్నది కాదు, గంపకి, తోపుడు బండికి, చేపల బుట్టకి ఎంతెంత తీసుకోవాలో చెప్పే రేట్ల పట్టిక. ఆ పట్టిక మార్కెట్‌లో బోర్డు మీద రాసి పెట్టమని కౌన్సిలర్ చేత అడిగించండి. సముద్రం ఒడ్డున ఉన్న వాడరేవు నుంచి బుట్ట నెత్తిన పెట్టుకుని వచ్చే ముసలమ్మకు పది రూపాయలు తక్కువ మొత్తం కాదు.

టేబుల్ ఎజెండా అంటే ఎందుకంత గొడవ?

ముందుగా పంపిన ఎజెండాలో లేకుండా, మీటింగ్ రోజున బల్ల మీద పెట్టే అంశాలవి. నిజంగా అర్జెంటువి ఉంటాయి. కానీ చదువుకునే సమయం ఎవరికీ ఉండదు. చదవకుండా చెయ్యెత్తితే ఏమవుతుందో ఒక ఉదాహరణ చెప్తాను. ఇది చీరాలలో కాదు, ఉద్యోగరీత్యా నేను కొన్నేళ్లున్న వేరే ఊళ్లో. మా సందు చివర కల్వర్టు కుంగిపోయి స్కూలు ఆటో ఒకటి ఒరిగింది. అందరం సంతకాలు పెట్టి అర్జీ ఇచ్చాం. టేబుల్ ఎజెండాలో పని మంజూరైంది, మేం స్వీట్లు కూడా పంచుకున్నాం. నెల తర్వాత చూస్తే కల్వర్టు పక్క వీధిలో లేచింది. కాగితంలో మా సందు పేరుకి బదులు దానికి దగ్గరగా వినిపించే ఇంకో పేరు టైపయింది. దురుద్దేశం అని నేను అనను, ఎవరూ చదవలేదు, అంతే. దాన్ని సరిచేయించడానికి మాకు ఇంకో ఎనిమిది నెలలు, రెండు తీర్మానాలు పట్టాయి. వానాకాలమంతా పిల్లల్ని ఎత్తుకుని దాటించాం.

అందుకే చెప్తున్నాను, మీ పని మంజూరైందని ఫోన్ వస్తే సరిపోదు. తీర్మానం కాపీ తెచ్చుకుని వీధి పేరు, మొదలు, చివర మీ కళ్లతో చదవండి.

కోరం లేకపోతే?

కోరం అంటే మీటింగ్ జరగడానికి కనీసం ఉండాల్సిన సంఖ్య. సభ్యుల్లో మూడో వంతు మంది ఉండాలి. మొదలుపెట్టాల్సిన సమయానికి లేకపోతే అరగంట చూస్తారు, అప్పటికీ రాకపోతే వాయిదా. వాయిదా పడితే కౌన్సిలర్లకు నష్టమేం లేదు, మీ డ్రైను ఇంకో నెల వెనక్కి పోతుంది. వరసగా మీటింగులకు డుమ్మా కొడితే సభ్యత్వమే పోయే వీలు చట్టంలో ఉంది.

ఓటింగ్ ఎలా జరుగుతుంది?

ఎక్కువగా “ఆమోదించడమైనది” అనే మాటతోనే గడిచిపోతుంది. అభ్యంతరం వస్తే చేతులెత్తుతారు. సమానంగా వస్తే ఛైర్‌పర్సన్‌కి ఇంకో ఓటు ఉంటుంది. ఒప్పుకోని సభ్యుడు తన అసమ్మతిని మినిట్స్‌లో రాయించుకోవాలి. అరిచి వాకౌట్ చేస్తే పేపర్లో ఫోటో వస్తుంది. అసమ్మతి రాయిస్తే పదేళ్ల తర్వాత కూడా రికార్డు ఉంటుంది. నాకు రెండోదే గొప్పగా అనిపిస్తుంది.

కౌన్సిల్ తీర్మానం చేసినా పని కాలేదు. ఎందుకు?

తీర్మానం చేసేది కౌన్సిల్, అమలు చేయాల్సింది కమిషనర్. మధ్యలో సాంకేతిక అనుమతి, టెండరు, అగ్రిమెంటు, బిల్లు అన్నీ ఉంటాయి. చట్టానికి విరుద్ధంగా ఉన్న తీర్మానాన్ని రాష్ట్ర ప్రభుత్వం నిలిపేయొచ్చు, రద్దు కూడా చేయొచ్చు. చాలాసార్లు అసలు కారణం ఇంకా మామూలుది. పాత బిల్లులు రాలేదని కాంట్రాక్టర్లు టెండరే వేయరు. పని ఏ మెట్టు దగ్గర ఆగిందో ఏఈని (అసిస్టెంట్ ఇంజనీర్‌ని) అడిగితే తెలుస్తుంది. “ఎప్పుడు చేస్తారు?” అని కాకుండా “ఇప్పుడు ఫైలు ఎవరి దగ్గర ఉంది?” అని అడగండి. మొదటిదానికి “త్వరలో” అంటారు, రెండోదానికి ఏదో ఒక పేరు చెప్పక తప్పదు.

ఇంటి పన్ను పెంచేది కౌన్సిలేనా?

కొంతవరకు. 2021 నుంచి మన రాష్ట్రంలో ఇంటి పన్ను అద్దె విలువ మీద కాకుండా ఆస్తి మూలధన విలువ మీద వేస్తున్నారు. నివాసాలకు ఆ విలువలో 0.10 నుంచి 0.50 శాతం లోపు రేటు ఉండాలని హద్దు పెట్టారు, ఆ హద్దులో రేటు ఖరారు చేసే తీర్మానం కౌన్సిల్‌ది. అప్పటికే ఉన్న పన్ను మీద ఏటా పెంపు 15 శాతం దాటకూడదని కూడా పరిమితి ఉంది. చెత్త పన్ను సంగతి వేరు. అది రాష్ట్ర ప్రభుత్వం తెచ్చింది, 2024లో రాష్ట్రమంతా రద్దయింది.

పన్ను అనగానే చీరాలవాళ్లకు ఇంకోటి గుర్తు రావాలి. 1919లో అప్పటి మద్రాసు ప్రభుత్వం చీరాల, పేరాలను కలిపి మున్సిపాలిటీ చేసింది. అప్పటిదాకా ఏడాదికి నాలుగు వేలున్న పన్ను నలభై వేలకు పోయింది. ఎక్కువమంది నేతపని వాళ్లు, చిన్న రైతులు, ఎక్కడి నుంచి తెస్తారు? స్వాతంత్ర్య సమరయోధుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు వాళ్లకు అండగా నిలబడ్డారు. 1921లో గాంధీజీ చీరాల వచ్చి వెళ్లాక, ఊరుంటేనే కదా మున్సిపాలిటీ అని వేలమంది జనం ఇళ్లకు తాళాలు వేసి, పొలిమేర అవతల పాకలు వేసుకుని రామనగర్ అని పేరు పెట్టుకున్నారు. ఎండా వానా చూడకుండా పదకొండు నెలలున్నారు. గోపాలకృష్ణయ్య గారి రామదండు వాలంటీర్లు వాళ్లకు కాపలా. గోపాలకృష్ణయ్య గారిని జైల్లో పెట్టాక ఉద్యమం చల్లారింది. ఇప్పుడున్న మున్సిపాలిటీ 1948 నాటిది.

పన్ను అంశం చర్చకు వచ్చినప్పుడల్లా నాకు ఆ పాకలే గుర్తొస్తాయి. వాళ్లను అడిగిన నాథుడు లేడు. మన కాలంలో అడగాల్సిన చోట మనం ఓటేసిన మనుషులు కూర్చుంటారు, తలుపు తెరిచే ఉంటుంది.

బీచ్ రోడ్డు, బీచ్‌లో చెత్త గురించి కౌన్సిల్‌లో ఎందుకు మాట్లాడరు?

వాడరేవు పంచాయతీ కాబట్టి. ఊరికి ఆరేడు కిలోమీటర్ల దూరంలో ఉన్నా మనం “చీరాల బీచ్” అంటాం గానీ, మున్సిపాలిటీ హద్దు అక్కడిదాకా లేదు. అక్కడి సంగతులు పంచాయతీనో, సంబంధిత ప్రభుత్వ శాఖనో అడగాలి.

సముద్రం దగ్గరుండటం వల్ల వచ్చే తిప్పలు మాత్రం మనవే. నేల చదునుగా ఉంటుంది, డ్రైను వాలు అంగుళాల్లో లెక్క. ఒకచోట రెండు అంగుళాలు తప్పితే నీళ్లు వెనక్కి తంతాయి. ఉప్పు గాలికి కరెంటు స్తంభాల మొదళ్లు తుప్పు పడతాయి. ఇక కుందేరు. ఊరి మురుగు, వాన నీరు మోసేది అదే. దాని పూడికతీత, ఆక్రమణల సంగతి వానాకాలం ముందు, అంటే ఏప్రిల్, మే మీటింగుల్లోనే రావాలి. అక్టోబర్‌లో మోకాళ్లలోతు నీళ్లలో నిలబడి మాట్లాడుకుంటే లాభం లేదు.

కుక్కల బెడద గురించి ఎన్నిసార్లు చెప్పినా పట్టించుకోరెందుకు?

కుక్కల్ని చంపడానికి, ఇష్టమొచ్చినట్టు ఊరవతల వదిలిపెట్టడానికి చట్టం ఒప్పుకోదు. 2023 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం పట్టుకుని, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి వదలాలి. కాబట్టి కౌన్సిల్‌లో అడగాల్సింది “ఈ ఏడాది ఎన్ని ఆపరేషన్లు చేశారు, బడ్జెట్ ఎంత పెట్టారు?” అని.

మా ఇంటి ప్లాన్ కౌన్సిల్‌లో పాస్ కావాలా?

అక్కర్లేదు. అది ఆన్‌లైన్లో టౌన్ ప్లానింగ్ వాళ్లు చూసే పని. జనన మరణ ధ్రువపత్రాలు, కొత్త కుళాయి కనెక్షన్ కూడా అంతే. వీటికి వార్డు సచివాలయానికి వెళ్లండి.

మా సమస్య ఎజెండాలోకి రావాలంటే?

నోటి మాటగా చెప్పి ఊరుకోకండి. ఒక పేజీ అర్జీ రాయండి. వీధి పేరు, ఎన్ని ఇళ్లు, ఎన్ని గజాలు, ఎప్పటి నుంచి. రెండు ఫోటోలు జత చేయండి. ఒక కాపీ కౌన్సిలర్‌కి, ఒకటి సచివాలయంలో, ఒకటి ఆఫీసు ఇన్‌వార్డులో (అర్జీలు తీసుకునే చోట) ఇచ్చి ముద్ర వేయించుకోండి. సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో కూడా ఇవ్వొచ్చు. అంచనా వేయడానికి ఏఈ రావాలి కాబట్టి, మీటింగ్ రేపనగా ఇస్తే లాభం లేదు, కనీసం నెల ముందే ఇవ్వండి. అంశంగా రాకపోతే, జీరో అవర్‌లో (ఎజెండాలో లేని సంగతులు మాట్లాడే సమయంలో) ప్రస్తావించమని కౌన్సిలర్ని అడగండి.

ఎజెండా, మినిట్స్ కాపీలు ఇవ్వమంటే?

సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టండి. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. “ఫలానా తేదీన జరిగిన సమావేశపు ఎజెండా, టేబుల్ ఎజెండా, మినిట్స్” అని మూడూ విడివిడిగా రాయండి. టేబుల్ ఎజెండా అని రాయకపోతే అది రాదు.

పాలకవర్గం గడువు ముగిస్తే మీటింగులు ఉంటాయా?

గడువు ఐదేళ్లు. 2021 మార్చిలో ఎన్నికైన పాలకవర్గాలు ఆ నెల 18న కొలువుదీరాయి, ఐదేళ్ల లెక్క అక్కడి నుంచే. గడువు ముగిసేలోపు ఎన్నికలు జరగకపోతే ప్రభుత్వం కౌన్సిల్ స్థానంలో స్పెషల్ ఆఫీసర్ అని ఒక అధికారిని పెడుతుంది. అప్పుడు కౌన్సిల్ చేయాల్సిన తీర్మానాలు ఆయన సంతకంతోనే అయిపోతాయి. చర్చ ఉండదు, వెనక కుర్చీలూ ఉండవు. ఆ రోజుల్లో సమాచార హక్కు దరఖాస్తు, సోమవారం అర్జీలే దిక్కు. ఓటర్ల జాబితా, వార్డుల హద్దులు మారుస్తూ నోటీసు పెడితే గడువులోపే అభ్యంతరాలు ఇవ్వడం మర్చిపోకండి.

మొదటిసారి వస్తున్నాను. ఏం తెచ్చుకోవాలి?

నోట్‌బుక్, పెన్ను, కళ్లజోడు. దొరికితే ఎజెండా కాపీ. పావుగంట ముందే రండి, ఫోన్ సైలెంట్‌లో పెట్టండి. అంశాల నంబర్లు గబగబా చదివేస్తారు, కాబట్టి మీ వార్డు నంబరున్న అంశాలకు ముందే గుండ్రంగా గీత గీసుకోండి. అది చదివినప్పుడు ఆమోదమా, వాయిదానా పక్కనే రాసుకోండి. మీటింగ్ అయ్యాక కౌన్సిలర్ బయటికి వస్తారు కదా, ఆ కాగితం చూపించి మాట్లాడండి. నేను సాధారణంగా వెనక వరసలో కిటికీ పక్కన ఉంటాను, పక్క కుర్చీ ఖాళీయే.